వడిసెలను మాయం చేసింది నైలాను కాదు, మన సెలవుల పట్టిక

 

పోస్టు పెద్దదే. తీరిక ఉన్నప్పుడు చదవండి, కానీ చదవండి.

పోయిన ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవం ఫొటోలు మనలో చాలామంది పెట్టారు. విల్లంబులు, డోళ్లు, థింసా, గుస్సాడి, అన్నీ ఉన్నాయి. ఒక ఫొటోలో మాత్రం ఒక తమ్ముడు వడిసెల పట్టుకుని నిలబడ్డాడు. దగ్గరగా చూస్తే అది నీలం రంగు ప్లాస్టిక్ తాడు, మధ్యలో రెక్సిన్ ముక్క. దాని కింద కొందరు "ఇదేంటన్నా?" అని అడిగారు. కొందరు "నైలాను వచ్చి మన విద్యని చంపేసింది" అని బాధపడ్డారు. ఆ తమ్ముడిని నేను ఒక్క మాట అనను. పట్టుకుని నిలబడాలని అనిపించింది కదా, అదే సంతోషం. కానీ ఆ నైలాను మాట దగ్గరే నాకు పేచీ.

ముందు తెలియనివాళ్ల కోసం. వడిసెల అంటే పంగలకర్ర కాదు, ఉండేలు కాదు. అందులో రబ్బరు లేదు, కర్ర లేదు. రెండు తాళ్లు, మధ్యలో రాయి పెట్టే గూడు, అంతే. ఒక తాడు చివర ఉంగరంలా ఉచ్చు ఉంటుంది, అది వేలికి. రెండో తాడు చివర ముడి ఉంటుంది, అది బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య. తిప్పి ముడి వదిలేస్తే రాయి పోతుంది, తాడు చేతిలోనే ఉంటుంది. మంచె మీద కూర్చుని జొన్నచేను, సామచేను, కొర్రచేను కాసినవాళ్లందరి చేతిలో ఉన్న వస్తువు ఇది. చర్చికి వెళ్లేవాళ్లకు దావీదు కథలో ఈ మాట తెలుసు, తెలుగు బైబిల్లో ఉన్నది వడిసెల అనే మాటే. తెలంగాణ సాయుధ పోరాటం గురించి చదివినవాళ్లకు రజాకార్ల మీదికి ఊళ్లు వడిసెల రాళ్లు రువ్విన సంగతి తెలుసు. అంటే మనకు పుస్తకంలో బాగానే తెలుసు. చేత్తో తెలియదు.

నైలాను సంగతి నిజాయితీగా మాట్లాడుకుందాం. నైలాను తాడు గట్టిది. వానలో తడిసినా కుళ్లదు. సంతలో దొరుకుతుంది. మా తాతే ఆవుని కట్టడానికి నైలాను పలుపు వాడతాడు, నేనూ వద్దని చెప్పను. మరి వడిసెలకి మాత్రం నార ఎందుకంటాడు? అడిగితే చేతిలో పెట్టి చూపించాడు. నైలాను తాడు నున్నగా ఉంటుంది, ముడి వేస్తే మెల్లగా జారుతుంది. చెమట పట్టిన వేళ్ల మధ్య నిలవదు, మనం వదలకముందే జారిపోతుంది. ఉచ్చు వేలిని కోస్తుంది. నార తాడు అయితే చేతిని పట్టుకుని ఉంటుంది, వదిలినప్పుడే వదులుతుంది. ఇది సెంటిమెంటు కాదు, పనికి సంబంధించిన లెక్క. ఆ లెక్క తెలిసినవాళ్లు నైలాను పక్కనే ఉన్నా నారే వాడారు. కాబట్టి నైలాను వచ్చి నారని తోసెయ్యలేదు. నార తియ్యడం వచ్చినవాళ్లు తగ్గిపోతే, ఆ ఖాళీలోకి నైలాను వచ్చి కూర్చుంది. ఎందుకు తగ్గిపోయారు అన్నదే అసలు ప్రశ్న.

నార తియ్యడం ఎలా ఉంటుందో చెప్తే నా మాట అర్థమవుతుంది.

మా వైపు మన్యంలో వడిసెలకి ఎక్కువగా గోగునార. కొన్ని ఊళ్లలో జనుము. అడవి దగ్గర ఊళ్లలో అడ్డతీగ నార. మనం విస్తర్లు కుట్టుకునే అడ్డాకు తీగే, దాని లోపలి బెరడు. గోగు అంటే కూర గోగే. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో నార కోసం గోగు పండించేవాళ్లు ఉన్నారు, ఆమదాలవలసలో ఆ పంట మీద పనిచేసే పరిశోధన కేంద్రం కూడా ఉంది. అంటే ఇదేదో ఎవరికీ పట్టని పిచ్చిమొక్క కాదు.

గోగు పూతకి వచ్చినప్పుడు కొయ్యాలి. లేతగా కోస్తే నార బలం ఉండదు. గింజ ముదిరాక కోస్తే నార గరుకు, పాయలుగా విడదు. కోసిన కట్టెల్ని రెండు మూడు రోజులు ఆరనిస్తే ఆకు రాలిపోతుంది. తరువాత మోపులు కట్టి చెరువులోనో గెడ్డ మడుగులోనో ముంచి, పైన బరువు పెట్టాలి. పది రోజులు పట్టొచ్చు, ఇరవై రోజులూ పట్టొచ్చు. నీళ్లు వెచ్చగా ఉంటే తొందరగా, చల్లబడితే ఆలస్యంగా. ఏ రోజుకి అయిందో క్యాలెండర్ చెప్పదు. రోజూ వెళ్లి ఒక కట్టె తీసి మొదలు దగ్గర గిల్లి లాగి చూడాలి. బెరడు కట్టెని అంటుకుని వస్తే ఇంకా కాలేదు. లాగగానే చివరిదాకా జారి వచ్చేస్తే అయినట్టు. ఒకటి రెండు రోజులు ఎక్కువ నానితే నార మెత్తబడి, ఎండాక చిటుక్కున తెగిపోతుంది. ఆ వాసన గురించి ఏం చెప్పను, చెరువు గట్టు మీద నిలబడితే ముక్కు మూసుకుంటారు. మా తాత మాత్రం ఆ వాసనని బట్టే "రేపు తియ్యొచ్చు" అంటాడు. ఈ ఒక్క ముక్క ఏ వీడియోలోనూ రాదు.

నార తీసి, ఉతికి, ఎండబెట్టాక దువ్వాలి. వేళ్లతోనే. పొట్టి నారలు, పుల్లలు, బెరడు ముక్కలు రాలిపోవాలి. ఇక్కడ బద్ధకిస్తే తాడు మీద గడ్డలు వస్తాయి, గడ్డ ఉన్నచోటే తెగుతుంది. తరువాత పురి పెట్టడం. తొడ మీద ఒక పాయని ముందుకి దొర్లించి పురి ఎక్కిస్తాం, అలాంటి రెండు పాయల్ని కలిపి ఎదురు దిక్కుకి పేనుతాం. రెండు పురులు ఒకదానితో ఒకటి పెనుగులాడి ఆగిపోతాయి, అందుకే తాడు విడిపోదు. నార అయిపోతుంటే కొత్త నార కలపాలి. రెండు పాయలకీ ఒకేచోట అతుకు పడకూడదు, ఒకటి ఇక్కడైతే రెండోది జానెడు అవతల.

అలా పేనిన సన్నని దారాలతో జడ అల్లుతారు. మూడు పాయల జడ మన చెల్లెళ్లందరికీ వచ్చు, అది బల్లపరుపుగా వస్తుంది. వేలికి తగిలించుకునే వైపు అది మంచిది, ఒత్తదు. వదిలే వైపు నాలుగు పాయల గుండ్రటి అల్లిక మంచిది, గాలిని తేలిగ్గా కోస్తుంది. చివరికి వచ్చేసరికి పాయలు తగ్గించి సన్నబరిచి, కొసన చిన్న కుచ్చు వదులుతారు. సరిగ్గా తిప్పి వదిలితే ఆ కుచ్చు చెర్నాకోల కొసలా ఫట్టుమంటుంది. చాలాసార్లు రాయే అక్కర్లేదు. ఆ చప్పుడుకే జీనువాయి పిట్టలు, చిలకలు గుంపుగా లేచిపోతాయి.

గూడు దగ్గరే పనితనం తెలుస్తుంది. జడ పాయల్ని విప్పి వెడల్పుగా పరిచి, అడ్డంగా దారం పోనిచ్చి నేస్తారు. కొందరు మధ్యలో సన్నని చీలిక వదులుతారు, రాయి బరువుకి అది తెరుచుకుని రాయిని రెండు పక్కలా పట్టుకుంటుంది. గూడు మరీ లోతైతే రాయి ఆలస్యంగా వదులుతుంది, నేలని కొడుతుంది. మరీ పల్చనైతే తిప్పుతుండగానే జారి మన వెనకున్నవాడి తలకి తగులుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు వెనక, పక్కన ఎవరూ లేకుండా చూసుకోవాలి. రాయి కాకుండా ఎండిన మట్టి ఉండలతో మొదలుపెట్టాలి. మట్టి ఉండ చేలో పడితే వానకి కరిగిపోతుంది, కొడవలికి అడ్డం రాదు. పెద్దవాళ్లు ఉండలు చేసుకుని ఎండబెట్టుకున్నది ఊరికే కాదు.

అల్లడం అయ్యాక పని అయిపోయిందనుకుంటాం. కాలేదు. కొత్త జడ సాగుతుంది, రెండు తాళ్లూ సమానంగా సాగవు. అందుకే తడిపి, గూట్లో బరువు పెట్టి, రాత్రంతా వేలాడదీస్తారు. పొద్దున రెండు కొసలూ పట్టుకుని సరిచూసి అప్పుడు ముడి వేస్తారు. ముడి అరంగుళం అటూ ఇటూ అయినా గూడు వంకర తిరుగుతుంది, గురి తప్పుతుంది. పైకి లేచిన నూగుని మంట మీద చటుక్కున ఆడించి కాల్చేస్తారు. తేనెమైనం పట్టిస్తే తడి తొందరగా పట్టదు. పొడవు మనిషిని బట్టి. మధ్యకి మడిస్తే భుజం నుంచి వేలి కొస దాకా వస్తే కాపలాకి సరిపోతుంది. పొడవు పెరిగితే దూరం పోతుంది, గురి కష్టం.

ఎంపీసీ తమ్ముళ్లకి ఒక లెక్క. 50 గ్రాముల రాయి, తిరిగే వ్యాసార్థం 1 మీటరు, వేగం సెకనుకి 30 మీటర్లు అనుకోండి. ద్రవ్యరాశిని వేగం వర్గంతో గుణించి వ్యాసార్థంతో భాగిస్తే 45 న్యూటన్లు. అంటే దాదాపు నాలుగున్నర కిలోల బరువు వేలాడినంత లాగుడు, తిప్పిన ప్రతిసారీ, పొద్దంతా. నార దువ్వడం దగ్గర్నుంచి ముడి సరిచూడడం దాకా మన పెద్దవాళ్లు పడ్డ జాగ్రత్తంతా ఈ లాగుడుకి జవాబే. క్లాసులో వృత్తాకార చలనం చెప్పేటప్పుడు దారానికి కట్టిన రాయి బొమ్మ వేస్తారు కదా. ఆ దారం చేసినవాళ్ల మనవలం మనం ఆ క్లాసులోనే కూర్చుని ఉంటాం.

ఇప్పుడు అసలు విషయం. పైన చెప్పిన పనులకి నెలలు వేసి చూడండి.

గోగు, జనుము విత్తేది తొలకరికి, జూన్‌లో. బడి తెరిచేదీ జూన్‌లోనే. అడ్డతీగ బెరడు సులువుగా ఊడేది వానాకాలంలో, పచ్చిమీద ఉన్నప్పుడు. అప్పుడు మనం హాస్టల్లో. గోగు కోసి నానబెట్టేది అక్టోబరు, నవంబరు. సామలు, కొర్రలు, చోళ్లు, జొన్న కంకి మీద ఉండి పిట్ట కాపలా కావలసిందీ ఇంచుమించు అప్పుడే. మనకి అప్పుడు పరీక్షలు, సిలబస్సు. దసరాకి ఇంటికొస్తాం, నిజమే. ఎన్ని రోజులు? పది, పన్నెండు. గోగు నానడానికే పది నుంచి ఇరవై రోజులు. వచ్చిన రోజే ముంచినా, నార తీసే రోజుకి మనం బస్సెక్కేసి ఉంటాం. సంక్రాంతికి వస్తే చేలు చాలావరకు కోసేసి ఉంటాయి. ఇక పెద్ద సెలవులు ఏప్రిల్ చివర్లో. అప్పుడు చెరువు అడుగంటి ఉంటుంది, చేను ఖాళీ, మంచె కూలిపోయి ఉంటుంది. తాత మాత్రం ఉంటాడు, మనమూ ఉంటాం, ఇద్దరికీ ఖాళీయే. కానీ చేతిలో నార లేదు, ఎదురుగా పిట్ట లేదు. ఏం నేర్పుతాడు?

ఒకటో తరగతిలో ఆశ్రమ పాఠశాలకి వెళ్లి డిగ్రీ దాకా హాస్టల్లోనే చదివినవాడు పదిహేనేళ్లలో ఒక్క గోగు కోత కూడా పూర్తిగా చూడడు. ఇది ఎవరి కుట్రా అనను. సెలవుల పట్టిక తయారుచేసినవాళ్ల కళ్ల ముందు మన చేలు లేవు, అంతే. దాని ఫలితం మాత్రం కుట్ర చేసినంత గట్టిగా ఉంది. వడిసెల ఒక్కటే కాదు. తేనె తియ్యడం, చేపల మావులు అల్లడం, దుంపలు గుర్తుపట్టడం, ప్రతిదానికీ ఒక నెల ఉంది. ఆ నెలలో మనం ఊళ్లో లేము. ఒడిశాలో కొరాపుట్ వైపు గదబ ఆడవాళ్లు కెరంగ్ నారతో నేసే బట్ట గురించి విన్నవాళ్లు ఉంటారు. అలాంటి నార విద్యలన్నిటికీ ఇదే గండం.

"చదువుకోడానికి వచ్చాం, వడిసెల ఉద్యోగం ఇస్తుందా?" అని అడిగేవాళ్లు మన గ్రూపులోనే ఉన్నారు. ఇవ్వదు. గ్రూప్-2కి వడిసెల మీద ప్రశ్న కూడా రాదు. కానీ చదువు మానెయ్యమని నేను అనడం లేదు కదా. చదువులోంచి పది రోజులు, సరైన నెలలో ఇమ్మంటున్నా. ఆ పది రోజులు కాగితం మీద ఇప్పటికే ఉన్నాయి. జాతీయ విద్యా విధానం 2020లో, 6 నుంచి 8 తరగతుల మధ్య పిల్లలు పది రోజులు బ్యాగు లేకుండా స్థానిక వృత్తి నిపుణుల దగ్గర పని నేర్చుకోవాలని రాశారు. వడ్రంగులు, తోటమాలులు, కుమ్మరులు అని ఉదాహరణలు ఇచ్చారు. మన ఏజెన్సీలో ఆ నిపుణులు ఎవరు? నార తీసే తాత, చాప అల్లే అవ్వ. ఆ పది రోజుల్ని ఆశ్రమ పాఠశాలల్లో, ఏకలవ్య స్కూళ్లలో అక్టోబరు, నవంబరుల్లో పెట్టమని, దసరా సెలవులకి ముందో వెనకో కలపమని మనం ఐటీడీఏలకి రాయాలి. కలిపితే ఇరవై రోజులు దాటుతుంది. గోగు నానిపోతుంది. నేర్పిన పెద్దవాళ్లకి గౌరవ వేతనం ఇమ్మని కూడా అందులోనే రాయాలి. శాలువా కప్పి పంపిస్తే కుదరదు.

"స్టాల్ పెట్టి అమ్ముదాం, మహిళా సంఘాలకి ఆదాయం" అన్న అక్క మాటకి నేను వ్యతిరేకం కాదు. కానీ స్టాళ్లలో కొన్ని చూశాను. రంగు ఉన్ని, పూసలు, గోడకి తగిలించుకునే వడిసెల. మట్టి ఉండ పెట్టి తిప్పితే రెండో తిప్పుకే గూడు విడిపోతుంది. అలాంటిది అమ్మితే కొన్నవాళ్లకి మన పనితనం ఇంతే అని చెప్పినట్టు. ముందు విసిరి చూసి, నిలిచినదాన్నే అమ్మాలి. ధర కూడా దాన్ని బట్టే అడగాలి.

ఇంకో మాట, ఇది కొంచెం గట్టిగానే చెప్తా. వడిసెల చేను కాయడానికి. చిలకని కొట్టి పడేసి రీల్ చెయ్యడానికి కాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం చిలకని కొట్టడం నేరం, కేసు మన పిల్లాడి మీదే పడుతుంది. పెద్దవాళ్లు కూడా గుంపుని లేపడానికే విసిరేవారు, గింజ మిగిలితే చాలు. అడ్డతీగ నార తేవడానికి భయపడేవాళ్లకి మాత్రం ఉల్టా చెప్పాలి. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(1)(సి) చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద మనకి హక్కు ఇచ్చింది, మొక్కల నుంచి వచ్చే కలప కాని ఉత్పత్తులన్నీ ఆ నిర్వచనంలో ఉన్నాయి. తీగని మొదలంటా నరకకుండా, పక్క కొమ్మల బెరడు తెచ్చుకుంటే వచ్చే ఏడూ ఉంటుంది.

వేరేచోట ఎలా నిలిచిందో కూడా చూడండి. స్పెయిన్ పక్కన మధ్యధరా సముద్రంలో బాలియారిక్ దీవులు ఉన్నాయి. రెండు వేల ఏళ్ల కిందట స్ట్రాబో అనే గ్రీకు రచయిత వాళ్ల గురించి రాశాడు. ఒక్కొక్కరి దగ్గర మూడేసి వడిసెలలు ఉండేవట, దూరానికి పొడవుది, దగ్గరికి పొట్టిది, నడిమికి నడిమిది. పిల్లలు గురిచూసి రొట్టెని కొడితేనే తల్లి తినడానికి ఇచ్చేదట. మన అమ్మలు అంత కఠినం కాదులెండి. ఆ దీవుల్లో ఇవాళ్టికీ వడిసెల ఒక ఆట, పోటీలు పెడతారు. దక్షిణ అమెరికాలో ఆండీస్ కొండల్లో పశువులు కాసేవాళ్లు లామా, అల్పాకా ఉన్నితో అల్లిన వడిసెలని ఇప్పటికీ మందని మళ్లించడానికి వాడతారు. ఆ అల్లికలు చూస్తే కళ్లు తిరుగుతాయి. రెండుచోట్లా అది అద్దాల పెట్టెలో నిలవలేదు, పిల్లల చేతుల్లో నిలిచింది. మన గిరిజన క్రీడల్లో విలువిద్య ఉంది కదా, పక్కన మట్టి ఉండలతో వడిసెల గురి కూడా పెట్టమని అడగొచ్చు. తాడు ఎవరికి వారే అల్లుకుని రావాలన్న నిబంధనతో. అప్పుడు నీలం తాడు దానంతట అదే పోతుంది.

ఐటీడీఏకి ఇచ్చే వినతిపత్రం నేను రాసి ఇక్కడ పెడతా, మీరు దిద్దండి. ఈలోగా మీ ఊళ్లో ఏ నార వాడతారో, ఎవరికి అల్లడం వచ్చో, మీ భాషలో వడిసెలని ఏమంటారో రాయండి. కోయ, గోండి, కువి, సవర, కొలామి, అన్నిటిలోనూ కావాలి. జూన్‌లో హాస్టల్‌కి బయలుదేరే ముందు పెరట్లోనో గట్టు మీదో నాలుగు గుప్పెళ్ల గోగు గింజలు చల్లి రండి. కూరకని తుంచెయ్యొద్దని, పూత దాకా ఉంచమని అమ్మకి గట్టిగా చెప్పి రండి. మా ఇంట్లో పోయినేడు పప్పులోకే పోయింది మొత్తం.